రాజకీయాలు లేని పాలన

"రాజకీయాలు వద్దు, అభివృద్ధి కావాలి" అనే మాట మనం తరచుగా వింటూ ఉంటాము. ధనం, మద్యం, కులం ఆసరాగా సాగే ఎన్నికలను చూసిన పౌరునికి ఆ విసుగు కలగడం సహజమే. అయితే రాజకీయమనగా పార్టీల పోరు మాత్రమే కాదు. పదిమంది సొమ్మును ముందుగా దేనికి వెచ్చించాలి, ఎవరి భూమి మీదుగా రోడ్డు వేయాలి అనే ప్రశ్నలను బహిరంగంగా వాదించి తేల్చుకోవడం కూడా రాజకీయమే. అటువంటి ప్రశ్నలను ప్రజాప్రతినిధుల సభ నుండి తప్పించి అధికారులకు, నిపుణులకు, ప్రత్యేక సంస్థలకు అప్పగించడాన్ని నిరాజకీయీకరణ అనవచ్చు.

హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ. ఉప్పల్ కలాన్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ప్రత్యేక పురపాలక సంఘం. నాచారం పొరుగున ఉన్న కాప్రా పురపాలక సంఘంలో ఉండేది. 2007 ఏప్రిల్‌లో వీటితో సహా 12 పురపాలక సంఘాలను, కొన్ని గ్రామ పంచాయతీలను హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిపి గ్రేటర్ హైదరాబాదు మహానగర పాలక సంస్థను ఏర్పరచారు. దానికి తొలి ఎన్నికలు జరిగినది 2009 నవంబరులో. అంతవరకు ప్రత్యేకాధికారి పాలనే. మురుగు కాలువ పొంగినా, పన్ను పెరిగినా సభలో నిలదీయడానికి వార్డుకు ప్రతినిధి లేడు. పాత నగరపాలక సంస్థ అనుభవం ఇంకా దీర్ఘమైనది. అక్కడ 1986 ఎన్నికల తరువాత మళ్ళీ ఎన్నికలు జరిగినది 2002లో! గడువు ముగియకముందే ఎన్నికలు జరపాలని నిర్దేశించిన 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమలులోకి వచ్చినదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఎన్నికలు జరిగిన తరువాతనైనా సభ చేతిలోకి వచ్చిన అధికారం కొద్దిదే. మంచినీటి సరఫరాకు 1989లో ఏర్పడిన జలమండలి, నగర ప్రణాళికకు 2008లో ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ, కాలుష్యానికి నియంత్రణ మండలి వేర్వేరుగా ఉన్నాయి. పారిశ్రామిక వాడలలో ఆస్తి పన్ను వసూలు, భవన నిర్మాణ అనుమతుల వంటి పనులను కూడా ప్రభుత్వం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకే అప్పగించింది. కర్మాగారానికి అనుమతి త్వరగా లభించవచ్చును. కాని రాత్రివేళ దుర్వాసన పీల్చే పక్క కాలనీవాసి ఓటు ఈ సంస్థలలో దేనినీ నేరుగా తాకదు.

ఉప్పల్ నుండి నారపల్లి వైపు 2018లో తలపెట్టిన వంతెన పనులు ఏళ్ళ తరబడి స్తంభాల దశలోనే ఉండిపోయాయి. కింద రోడ్డు గుంతలమయమైంది. జాతీయ రహదారి కేంద్రానిది, భూసేకరణ రాష్ట్రానిది. ఇక కార్పొరేటరును అడిగితే ఏమి చెప్పగలడు?

నిపుణులు అక్కరలేదని దీని అర్థం కాదు. నీటిలో క్లోరిన్ ఎంత కలపాలో ఓట్లతో తేల్చరాదు. ఏ బస్తీకి ముందుగా గొట్టం వేయాలన్నది మాత్రం ఇంజనీరు ఒక్కడే తేల్చదగినది కాదు. ఈ తేడా చెరిగిపోయినచోట ఓటు విలువ పౌరుని దృష్టిలో పలచబడుతుంది. 2020 డిసెంబరు ఎన్నికలలో నగర ఓటర్లలో సగం మంది కూడా పోలింగు కేంద్రాలకు రాలేదు. దానిని కేవలం బద్ధకమని కొట్టివేయడం తొందరపాటు.

ఆ ఖాళీని కొంతవరకు కాలనీ సంక్షేమ సంఘాలు పూరిస్తున్నాయి. అవి వినతిపత్రాలు ఇస్తాయి, అధికారులను పిలిపిస్తాయి. అయితే ఇటువంటి సంఘాలలో సాధారణంగా సొంత ఇల్లు గలవారిదే మాట. నాచారం కర్మాగారాలలో పనిచేస్తూ అద్దె గదులలో ఉండే వలస కార్మికులలో చాలామందికి ఓటు స్వగ్రామంలోనే ఉంటుంది. వారి గది ముందు పారే మురుగు ఏ సమావేశపు చర్చలోకీ రాదు.