ఒకటో తరగతి పిల్లల్ని ఆటలతో మాలిమి చేసుకోవడం ఎలా?

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఒకటో తరగతి గుమ్మం దగ్గర ఎలా ఉంటుందో టీచర్లందరికీ తెలుసు. ఒకరు అమ్మ కొంగు వదలరు, ఇంకొకరు భుజం మీది సంచి దించరు. అక్షరాలు దిద్దించే ముందు ఆ పిల్లలు మనకు మాలిమి కావాలి. అందుకు రోజూ పది నిమిషాల ఆట ఎంతో సాయపడుతుంది.

నమ్మకమైన పెద్దవాళ్లు అండగా ఉంటేనే పిల్లలు ధైర్యంగా కొత్త పనికి పూనుకుంటారని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, పరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ వివరించారు. ఆ అనుబంధాన్ని ఆటలతో పెంచే ‘థెరాప్లే’ పద్ధతి 1960లలో చికాగోలో ఆన్ జెర్న్‌బర్గ్ చేతుల మీదుగా మొదలైంది. అందులో గుంపు ఆటలకు మూడు నియమాలు: ఎవరినీ నొప్పించకూడదు, అందరం కలిసే ఉండాలి, సరదాగా ఆడాలి. ఈ కింది వరుస కూడా ఆ దారిలోనిదే.

కావలసినవి: చాప, పత్తి ఉండ, గిన్నెడు మరమరాలు.

1. గుండ్రంగా కూర్చోండి. మీరూ కుర్చీ వదిలి చాప మీదే కూర్చోండి. పిల్లలు ఎక్కువమంది ఉంటే లోపల ఒక వరుస, బయట ఒక వరుస వేయండి. మూడు నియమాలూ అందరిచేత చెప్పించండి.

2. పేరు పెట్టి పలకరించండి. ఒక్కొక్కరి కళ్లలోకి చూసి, వాళ్లలో మీరు గమనించినది ఒకటి చెప్పండి. “కొత్త రిబ్బను కట్టుకున్నావే!” “మోకాలి దెబ్బ మానిందా నాన్నా?” ఇక్కడ చదువు మాట ఎత్తకండి.

3. చేతి నొక్కు పంపండి. అందరూ చేతులు పట్టుకున్నాక పక్కపిల్ల చేతిని మెల్లగా నొక్కండి. ఆ నొక్కు ఒకరి నుంచి ఒకరికి వెళ్లి, చుట్టూ తిరిగి మీ రెండో చేతికి చేరాలి. తన వంతు దాకా ఆగడం పిల్లలకు దీనితోనే అలవాటవుతుంది.

4. పత్తి ఉండ ఊదండి. దోసిట్లో ఉన్న ఉండను పక్కవారి దోసిట్లోకి ఊదాలి. కింద పడితే అందరం కలిసి “ఒకటి, రెండు, మూడు” అని మళ్లీ మొదలుపెట్టాలి. జలుబులున్న రోజుల్లో ఊదకుండా చేత్తోనే అందించండి.

మా తరగతిలో ఒక పాప నాలుగు రోజులపాటు సంచి పట్టీ వదల్లేదు. నేనూ వదలమనలేదు, పక్కనే కూర్చోబెట్టుకున్నాను. అయిదో రోజు ఉండ తన దాకా వచ్చేసరికి దోసిలి పట్టడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. పట్టీ దానంతటదే జారింది.

5. మరమరాలతో ముగించండి. ప్రతి అరచేతిలో నాలుగు గింజలు మీరే పెట్టండి. తర్వాత పిల్లలు తమ పక్కవారికి పెడతారు. ఒకరు పెడితే తినడం, ఒకరికి పెట్టడం, ఈ రెండింటిలోనూ ఆప్యాయత ఉంది.

జాగ్రత్తలు

- గెలుపోటములు వద్దు, ఎవరినీ ఆటలోంచి తీసేయొద్దు.
- ముట్టుకుంటే ఇబ్బందిపడే బిడ్డను బలవంతపెట్టకండి. చూస్తూ కూర్చున్నా ఆటలో ఉన్నట్టే.
- అల్లరి చేశారని ఈ పది నిమిషాలు కోసేయకండి. అల్లరి చేసే బిడ్డకే ఇవి ఎక్కువ అవసరం.
- రెండు వారాలు ఇదే వరుస పాటించండి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలియడం పిల్లలకు ధైర్యం. ఆపైన ఒప్పులకుప్ప, చెమ్మచెక్క చేర్చండి.

ఏదో ఒకరోజు మీరు మరిచిపోతారు. “టీచర్, మన పత్తి ఉండ ఏదీ?” అని వాళ్లే అడుగుతారు. ఆ ‘మన’ అన్న మాట వినపడ్డాక పలక చేతికివ్వండి.