ద్వంద్వ వ్యవస్థల కంప్యూటరులో కీబోర్డు మౌనం - ఒక పరిశీలన

ఒకే కంప్యూటరులో విండోస్, లైనక్స్ అనే రెండు నిర్వహణ వ్యవస్థలను ప్రక్కప్రక్కన నిలుపుకొనుట నేటి విద్యార్థులలో అరుదైన విషయం కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు తగని పాత యంత్రాలు గలవారిలో కొందరు, ఉన్న వ్యవస్థను వదులుకోలేక, దాని ప్రక్కనే ఉబుంటు వంటి లైనక్స్‌ను చేర్చుకొంటున్నారు. అట్టి యంత్రానికి విద్యుత్తు ఇవ్వగానే తెరపై ఒక పట్టిక వస్తుంది. బాణపు గుర్తు మీటలతో కావలసిన వ్యవస్థను ఎంచుకొని ఎంటర్ నొక్కవలెను. ఈ పట్టికకే బూట్ మెనూ అని పేరు. లైనక్స్‌తో పాటు వచ్చే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము దీనిని చూపుతుంది.

కొన్ని యంత్రాలలో సరిగా ఈ పట్టిక ముందే కీబోర్డు మూగవోతుంది. మీటలు ఎన్ని నొక్కినా ఎన్నిక కదలదు. నిర్ణీతమైన సెకన్లు గడవగానే మొదటి వరుసలోని లైనక్స్ తనంతట తాను తెరచుకొంటుంది. విచిత్రమేమనగా, లోపలికి పోయిన తరువాత అదే కీబోర్డు ఏ లోటూ లేకుండా పనిచేస్తుంది. విద్యార్థి వ్రాసుకొన్న ప్రాజెక్టు నివేదిక విండోస్ భాగంలో చిక్కుకొన్నది; సమర్పించవలసిన తేదీ దగ్గరపడినది. అతడు యంత్రాన్ని చంకనబెట్టుకొని మరమ్మతు దుకాణానికి పరుగెత్తుతాడు. అక్కడ తరచుగా లభించే సలహా ఒకటే: ‘అంతా ఫార్మాట్ చేసి విండోస్ ఒక్కటే వేద్దాం.’ ఈ సలహాకు తొందరపడి తల ఊపరాదని చెప్పుటకే మేము ఈ వ్యాసం వ్రాస్తున్నాము. చాలా సందర్భాలలో లోపం డిస్కులో ఉండదు. డిస్కును తుడిచివేస్తే నివేదిక పోతుంది, లోపం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

కావున మొదటి పని కీబోర్డును బాగుచేయుట కాదు, వ్రాతను కాపాడుకొనుట. ఉబుంటులోని ఫైళ్ల కిటికీలో విండోస్ భాగం కూడ ఒక డిస్కుగా కనబడుతుంది. దానిని తెరచి నివేదికను పెన్‌డ్రైవులోనికి నకలు తీసుకొనవచ్చును. విండోస్ పూర్తిగా ఆగక సగం నిద్రలో ఉన్నచో ఆ భాగం చదువుటకు మాత్రమే తెరచుకొనవచ్చును. నకలుకు అంతే చాలును. బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉన్నచో మాత్రం 48 అంకెల రికవరీ కీ లేనిదే తెరువరాదు. విండోస్‌లోనికే పోవలెనన్న అవసరం ఉన్నచో, యూ.ఇ.ఎఫ్.ఐ. గల కొత్త యంత్రాలలో ఎఫిబూట్‌మేనేజర్ అనే ఆదేశం ఉన్నది. అది ద్వారాలన్నింటికీ సంఖ్యలు చూపుతుంది. విండోస్ సంఖ్యను ‘తరువాతి పర్యాయానికి’ అని నిర్ణయించి పునఃప్రారంభిస్తే, గ్రబ్ పట్టికతో నిమిత్తం లేకుండా విండోస్ తెరచుకొంటుంది.

ఇక కారణానికి వద్దాము. మనం విండోస్‌లో మీట నొక్కినపుడు దానిని అందుకొనేది విండోస్ డ్రైవరు. లైనక్స్‌లో నొక్కినపుడు లైనక్స్ డ్రైవరు. బూట్ మెనూ కనబడే వేళకు ఈ ఇద్దరిలో ఎవరూ ఇంకా నిద్ర లేవలేదు. వ్యాకరణంలో సంధి జరిగే చోట పూర్వపదం, పరపదం రెండింటి నడుమ ఏమి జరుగుతున్నదో చూడవలెనని మేము తరగతిలో చెబుతూ ఉంటాము. ఇక్కడ కూడ అంతే. విద్యుత్తుకూ వ్యవస్థకూ నడుమ గల ఆ కొద్ది క్షణాలు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ ఏలుబడిలో ఉంటాయి. పాత యంత్రాలలో దానిని బయోస్ అంటారు. గ్రబ్ కూడ సామాన్యంగా కీబోర్డును తాను స్వయంగా పలకరించదు. ఫర్మ్‌వేర్ అందించిన మీటలనే తీసుకొంటుంది. ఫర్మ్‌వేర్ వినకపోతే గ్రబ్‌కూ వినబడదు.

బయోస్ 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.తో వచ్చినది. యు.ఎస్.బి. ప్రమాణం వెలువడినది 1996లో. పాత పద్ధతి మాత్రమే ఎరిగిన బయోస్‌కు కొత్త కీబోర్డును పరిచయం చేయుటకు తయారీదారులు ఒక ఉపాయం కనిపెట్టారు: యు.ఎస్.బి. కీబోర్డునే పాత పి.ఎస్./2 కీబోర్డువలె నటింపజేయుట. సెట్టింగులలో ‘లెగసీ యు.ఎస్.బి. సపోర్ట్’ అని కనబడేది ఇదే. ఇది మూసి ఉన్నచో కీబోర్డు మౌనం వహిస్తుంది. మరొక కారణం ‘ఫాస్ట్ బూట్’. త్వరగా తెరచుకోవలెననే ఆత్రుతతో కొన్ని యంత్రాలు ఆరంభంలో యు.ఎస్.బి. పరికరాలను పలకరించకుండానే ముందుకు పోతాయి. వేగంకొరకు చెవులు మూసుకొనుట అన్నమాట! పునఃప్రారంభించినపుడు కీబోర్డు పలికి, పూర్తిగా ఆపి తెరచినపుడు పలుకకపోతే ఫాస్ట్ బూట్‌నే మొదట అనుమానించవలెను.

లోపం ఎవరిదో తేల్చుటకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. యంత్రం తెరవగానే డిలీట్ లేదా ఎఫ్2 మీటను పదేపదే నొక్కవలెను. ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది. సెట్టింగుల తెర వచ్చి, అందులో బాణపు మీటలు పనిచేస్తే ఫర్మ్‌వేర్ వింటున్నదన్నమాట. అప్పుడు గ్రబ్‌ను శోధించవలెను. ఆ తెర కూడ రాకపోతే లోపం ఫర్మ్‌వేర్‌లోనో, కీబోర్డు తగిలించిన చోటనో ఉన్నది.

తగిలించిన చోటును ముందు చూడుట మేలు, ఎందుకనగా అందుకు ఖర్చు లేదు. హబ్ ద్వారా తగిలించిన కీబోర్డును నేరుగా యంత్రం వెనుక భాగంలో తగిలించవలెను. పాత మదర్‌బోర్డులలో నీలిరంగు యు.ఎస్.బి. 3 రంధ్రాలను ఫర్మ్‌వేర్ గుర్తించకపోవచ్చును, నల్లని యు.ఎస్.బి. 2 రంధ్రంలో ప్రయత్నించవలెను. బ్లూటూత్ కీబోర్డుకు జత కుదిర్చేది వ్యవస్థ గనుక అది సామాన్యంగా ఈ దశలో పనికిరాదు. పి.ఎస్./2 రంధ్రం ఉన్నచో ఆ రకం కీబోర్డు దాదాపు ఎల్లవేళలా పలుకుతుంది. అయితే యంత్రాన్ని ఆపిన తరువాతనే దానిని తగిలించవలెను. కళాశాల ప్రయోగశాల అలమారలో తీగ గల సాదా కీబోర్డు ఒకటి, పి.ఎస్./2ది ఒకటి వేరుగా ఉంచినచో ఎన్నో యంత్రాలు దుకాణానికి పోకుండా ఆగుతాయని కమిటీవారికి మనవి.

సెట్టింగులలోనికి పోవుటకే కీబోర్డు సహకరించనపుడు, విండోస్‌లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకొంటే వచ్చే నీలితెరలో యూ.ఇ.ఎఫ్.ఐ. సెట్టింగులకు దారి ఉన్నది. అక్కడికి పోయి ఫాస్ట్ బూట్‌ను మూసి, లెగసీ యు.ఎస్.బి. ఉన్నచో తెరువవలెను. ఇక్కడ ఒక హెచ్చరిక. ఫర్మ్‌వేర్ సెట్టింగులు మారినపుడు బిట్‌లాకర్ తన 48 అంకెలను అడుగవచ్చును. వాటిని ముందుగా కాగితంపై వ్రాసుకొనని వానికి కీబోర్డు పలికినా నివేదిక దక్కకపోవచ్చును. మదర్‌బోర్డులోని బిళ్ల బ్యాటరీ తీసి సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చుట చివరి ఉపాయం. డిస్కు పద్ధతికి సంబంధించిన సెట్టింగు కూడ దానితో మారిపోయి ఏ వ్యవస్థా తెరచుకొనకపోవచ్చును గనుక, దానిని తెలిసినవారి సమక్షంలోనే చేయవలెను.

గ్రబ్‌లోనే లోపమున్న సందర్భాలు తక్కువ. దాని సెట్టింగుల ఫైలులో ‘టెర్మినల్ ఇన్‌పుట్’ అనే వరుస కన్సోల్ అని కాక ఏ.టి. కీబోర్డు అని ఎవరైనా మార్చి ఉన్నచో, గ్రబ్ ఫర్మ్‌వేర్‌ను విడిచి పాత పి.ఎస్./2 ద్వారం దగ్గరే ఎదురుచూస్తుంది. దానిని కన్సోల్‌గా సరిదిద్ది అప్‌డేట్-గ్రబ్ ఆదేశం నడపవలెను. పెద్ద తెరలపై గ్రబ్ బొమ్మ నెమ్మదిగా గీయబడుటచే, నొక్కిన మీటకు ఫలితం కొన్ని సెకన్లకు గాని కనబడని యంత్రాలు కూడ ఉన్నవి. అది మౌనం కాదు, ఆలస్యం. బాణపు మీటలు మాత్రమే చెడినచో కంట్రోల్‌తో పి నొక్కిన పైకి, ఎన్ నొక్కిన క్రిందికి ఎన్నిక కదులుతుంది. పరీక్షలు పూర్తి అయ్యేవరకు సెకన్ల లెక్కను రద్దుచేయరాదు. మూగ కీబోర్డుకు ఆ లెక్క ఒక్కటే లోపలికి దారి.

ఉర్దూ, తెలుగు రెండూ టైపు చేసే మన విద్యార్థులు మరొక సంగతి గమనించవలెను. ఇన్‌స్క్రిప్ట్ గాని, ఉర్దూ ఫొనెటిక్ గాని మీటలలో ఉండేవి కావు. వ్యవస్థ తెరచుకొన్న తరువాత మీటలకు తొడిగే అమరికలు. బూట్ మెనూ దగ్గర సామాన్యంగా అమెరికా ఆంగ్ల అమరిక ఒక్కటే చెల్లుతుంది. గ్రబ్‌కు పాస్‌వర్డు పెట్టదలచినవారు ఆంగ్ల అక్షరాలతో, అంకెలతోనే పెట్టవలెను.