మాటలాడు చేతితొడుగు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేటలు కలవు. విజయవాడకు పోవు రాజమార్గము ఈ పేటలగుండా సాగును. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు నడువ నారంభించినది. నాటినుండి జనసమ్మర్దము నేలపైననే గాక, స్తంభములమీది వంతెనపైనను కానవచ్చుచున్నది. ఆటోవారి పిలుపులు, బస్సుల మోతలు, తోపుడుబండ్లవద్ద బేరములు, శిక్షణాలయములకు పరుగిడు విద్యార్థుల ముచ్చటలు, ఎటు చూచినను శబ్దమే. ఇట్టి చోట మాటయే మనుజునకు దారి.

అయితే ఈ సందడి యేమియు చెవిసోకనివారును ఆ జనములో నుందురు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడి యుండిరి. దిల్‌సుఖ్‌నగర్‌నకు మూడు స్టేషనుల దూరమున, మలక్‌పేటలో, బధిర బాలబాలికలకై ప్రభుత్వ పాఠశాల యొకటి కలదు. బధిరులు తమలో తాము చేతులతో సంభాషింతురు, హాస్యమాడుకొందురు, వాదులాడుకొందురు, కథలు చెప్పుకొందురు. వారిలో వారికి ఏ కొరతయు లేదు. సంజ్ఞలు తెలియనివారితో పని పడినప్పుడే చిక్కు వచ్చును.

ఒక బధిర యువకుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల దుకాణమునకు వచ్చెననుకొనుడు. అతని చేతిలో ఖాళీయైన మాత్రల పొట్లము కలదు. ఆ మాత్ర మ్రింగగానే తల్లి యొడలిపై దద్దురులు లేచినవి. ‘ఈ మాత్ర వద్దు, దీనివలన కీడు కలిగినది’ అని అతడు సంజ్ఞలతో చెప్పుచున్నాడు. దుకాణదారునకు ఆ సంజ్ఞలు తెలియవు. పొట్లము మాత్రము కనబడినది. వెనుక నిలిచినవారు తొందరపెట్టుచున్నారు. అతడు అవే మాత్రలను మరల తెచ్చి బల్లపై నుంచినాడు! చెప్పినదొకటి, తెలిసినదొకటి. ఇట్టి పొరపాటు ప్రాణముమీదికి వచ్చినను రావచ్చును.

ఈ అగాధమును పూడ్చుటకై ఇంజనీర్లు చేతితొడుగు నొకదానిని రూపొందించిరి. అది పనిచేయు విధము మిక్కిలి సులభముగా తెలియును. తొడుగులోని ప్రతి వ్రేలివెంటను ఒక పలుచని పట్టీ యుండును. వ్రేలు వంగినకొలది ఆ పట్టీలో విద్యున్నిరోధము మారును. చేయి ఏ వైపునకు వాలినదో, ఎంత వేగముగా కదలినదో తెలుపుటకు వేరొక పరికర ముండును. ఈ కొలతలన్నియు ఒక చిన్న గణనయంత్రమునకు చేరును. అది వానిని తనలో ముందే దాచియుంచిన కొలతలతో పోల్చి, దగ్గరగా నున్న సంజ్ఞను ఎన్నుకొనును. పిదప ఆ సంజ్ఞకు సరియగు మాటను ఫోను బిగ్గరగా పలుకును.

ఈ ఆలోచన నేటిది కాదు. 1980ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జేమ్స్ క్రేమర్ ఇట్టి తొడుగును తయారుచేసెను. 2001లో కొలరాడో రాష్ట్రపు పాఠశాల విద్యార్థి ర్యాన్ ప్యాటర్‌సన్ వ్రేళ్లతో చూపు అక్షరములను తెరపై వ్రాయు తొడుగును చేసి గొప్ప బహుమతి పొందెను. 2020లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన తొడుగు అమెరికా సంజ్ఞాభాషలోని 660 సంజ్ఞలను గుర్తించినది. హైదరాబాదు చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలలోను చివరి సంవత్సరపు విద్యార్థులు ఇట్టి తొడుగును తమ ప్రాజెక్టుగా ఎన్నుకొనుట కలదు.

యువకుల ఈ ఉత్సాహము మెచ్చదగినదే. కాని తొడుగు ధరించినంతమాత్రమున భాష యంతయు పలుకునా? ఇది విచారింపదగిన విషయము.

సంజ్ఞాభాష మాటలకు బదులు చేయు చేతి చేష్ట మాత్రమే యని పలువురు భ్రమపడుదురు. అమెరికా సంజ్ఞాభాషకు తనదైన నిర్మాణము కలదని 1960లో విలియం స్టోకీ అను పండితుడు నిరూపించెను. భారతీయ సంజ్ఞాభాషకును స్వంత వ్యాకరణము కలదు. ఇందు ప్రశ్నార్థక పదము సాధారణముగా వాక్యము చివర వచ్చును. ‘నీ పేరు ఏమి?’ అను తెలుగు వాక్యపు వరుస దీనికి దగ్గరగా నుండును. ఇక ‘వచ్చితివి’ అనుటకును, ‘వచ్చితివా?’ అనుటకును భేద మేమి? తెలుగులో చివరి దీర్ఘము ఆ భేదమును తెలుపును. సంజ్ఞాభాషలో పైకెత్తిన కనుబొమలు తెలుపును. ‘కాదు, వద్దు’ అను భావములకు తల త్రిప్పుటయు తోడ్పడును. చేతితొడుగు ముఖమును చూడజాలదు. అందుచేతనే 2020నాటి పరిశోధకులు కనుబొమల నడుమను, నోటిప్రక్కను గూడ చిన్న పరికరములను అంటింపవలసి వచ్చినది.

మరియొక చిక్కు కలదు. అమెరికా సంజ్ఞాభాషలో అక్షరములను ఒక చేతితో చూపుదురు; భారతీయ సంజ్ఞాభాషలో సాధారణముగా రెండు చేతులతో చూపుదురు. కావున పరదేశపు తొడుగు నమూనాను చూచి ఒక చేతికి మాత్రము కుట్టినచో అది ఇచ్చటివారికి చాలదు. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2015లో ఢిల్లీలో స్థాపింపబడినది. ఆ కేంద్రము 2021లో వెలువరించిన నిఘంటువులో 10,000 పదములు కలవు. ఆ రాశిముందు కొన్ని వందల సంజ్ఞలు ఏపాటివి!

2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు విద్యార్థు లిద్దరు చేసిన తొడుగునకు 10,000 డాలర్ల బహుమానము లభించెను. లోకము చప్పట్లు కొట్టెను. అయితే ఆ విశ్వవిద్యాలయమునందే సంజ్ఞాభాషను బోధించు వారును, భాషాశాస్త్రజ్ఞులును బహిరంగలేఖ వ్రాసి, ఆ తొడుగు సంజ్ఞాభాషను అనువదింపజాలదని తెలిపిరి. బధిరులకై చేయు వస్తువును బధిరులతో కలిసి చేయవలెననుట వారి మాటలలోని సారము. చెప్పు కుట్టువాడు ముందుగా పాదమును కొలుచును గదా!

తిరిగి ఆ మందుల దుకాణమును తలచుకొనుడు. యువకుని చేతికి తొడుగు ఉన్నదనుకొన్నను, అది తల త్రిప్పుటను చూడక ‘ఈ మాత్ర’ అని మాత్రమే పలికినచో, అవే మాత్రలు మరల బల్లపైకి వచ్చును. ఒకవేళ సరిగానే పలికినను, ‘ఎన్ని మాత్రలు వేసితిరి? తల్లి వయస్సెంత?’ అని దుకాణదారుడు అడుగు ప్రశ్న యువకునకు ఎట్లు చేరును? తొడుగు చెప్పగలదు గాని, విన్నదానిని చేతికి తెలుపలేదు. భారమంతయు బధిరుని చేతికే తొడిగి, వినగలవారు ఊరక నిలుచుట న్యాయము కాదు.

అదే దుకాణదారుడు ‘మందు, నొప్పి, వద్దు, ఎన్ని’ అను నాలుగైదు సంజ్ఞలు నేర్చి, యువకుని ముఖమువంక ఒక్క నిమిషము నిదానముగా చూచియుండినచో, ఆ పొట్లమును ప్రక్కకు నెట్టి వేరొక మందుకై వైద్యునివద్దకు పంపియుండెడివాడు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సంజ్ఞాభాషను భావవినిమయ సాధనములలో నొకటిగా గుర్తించినది. చట్టము గుర్తించిన భాషను పొరుగువాడు గుర్తించుట మిగిలియున్నది.

యంత్రము ఇంకను మెరుగుపడును, మెరుగుపడవలెను. తొడుగు చేయు విద్యార్థి తన కొలతలను పట్టుకొని ముందుగా మలక్‌పేట స్టేషనులో దిగినచో, ఆ మెరుగుదల త్వరగా వచ్చును. అచ్చటి పిల్లల చేతులే అతనికి గురువులు.