చెప్పులు కడిగి అడవిలోకి

బయటి నుంచి వస్తే కాళ్లు కడుక్కుని ఇంట్లోకి పోతాం. బాలింత ఉన్న ఇల్లయితే మరీ జాగ్రత్త. గుడికి పోతే చెప్పులు బయటే విడుస్తాం. మరి అడవిలోకి పోవాలంటే చెప్పులు కడుక్కోవాలా? అవును. అలాంటి అడవి ఒకటి ఉంది. దాని పేరు వైపోవా.

ఈ అడవి న్యూజిలాండ్ దేశంలో ఉంది. అది ఆస్ట్రేలియాకు తూర్పున, సముద్రం మధ్య ఉన్న దీవుల దేశం. అక్కడ మొదట కాపురం పెట్టినవాళ్లు మావోరీలు. సుమారు 700 ఏళ్ల కిందట పెద్ద పెద్ద పడవల మీద సముద్రం దాటి వచ్చారు. ఇంగ్లీషువాళ్లు చాలాకాలం తర్వాత వచ్చారు.

పొద్దుగూకే వేళ

సాయంత్రం అవుతుంది. అడవి చూడాలని కొందరు వస్తారు. దారి చూపడానికి మావోరీ గైడు ఉంటాడు. ముందుగా అందరూ బూట్ల అడుగున ఉన్న మట్టిని బ్రష్షుతో రుద్దాలి. తర్వాత అడుగులను మందునీళ్లతో తడపాలి. "కొంచెం మట్టే కదా" అంటే కుదరదు.

తర్వాత గైడు నిలబడి ప్రార్థన చేస్తాడు. దాన్ని మావోరీలు కరాకియా అంటారు. అడవి వాళ్లకు ఇంటి పెద్ద లాంటిది. పెద్దల ఇంట్లోకి చెప్పకుండా పోరు కదా!

చీకటి పడుతుంది. టార్చిలైటు వెలుగులో అందరూ మెల్లగా నడుస్తారు. దూరంగా గుడ్లగూబ "రురు" అని కూస్తుంది. ఆ కూతే దాని పేరు. కివి అనే పక్షి కూడా ఇక్కడే ఉంటుంది. దానికి ఎగరడం రాదు. రాత్రిపూట నేల మీద తిరిగి పురుగులను ఏరుకు తింటుంది.

నింగిని ఎత్తిన కొడుకు

దారి మలుపు తిరగగానే ఎదురుగా పెద్ద గోడలా ఏదో కనిపిస్తుంది. అది గోడ కాదు. చెట్టు మాను! కౌరీ జాతి చెట్టు. దాని పేరు తానె మహుతా. అంటే అడవికి అధిపతి.

ఇప్పుడు బతికి ఉన్న కౌరీ చెట్లన్నిటిలోకీ ఇదే పెద్దది. ఎత్తు 45 మీటర్ల పైనే. మాను చుట్టుకొలత 13 మీటర్ల పైనే. ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లు చేతులు చాచి పట్టుకుంటే గానీ చుట్టూ అందదు. వయసు 1,250 నుంచి 2,500 ఏళ్లు ఉంటుందని అంచనా. మావోరీలు ఆ దేశానికి రాకముందే ఈ చెట్టు ఉంది.

చెట్టు దగ్గర గైడు పాత కథ చెబుతాడు. అది తాతల నుంచి మనవలకు నోటిమాటగా వచ్చిన కథ.

మొదట్లో నింగి తండ్రి, నేల తల్లి ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుని ఉండేవారట. పిల్లలు వాళ్ల మధ్య చీకట్లో నలిగిపోయారు. కొడుకుల్లో ఒకడు తానె. అతడు తల్లి ఒడిలో వెల్లకిలా పడుకున్నాడు. కాళ్లతో తండ్రిని పైకి నెట్టాడు. నింగి పైకి లేచింది. లోకంలోకి వెలుగు వచ్చింది. ఆ తానె పేరే ఈ చెట్టుకు పెట్టారు. చెట్లు, పక్షులు తానె పిల్లలని మావోరీల నమ్మకం. అందుకే పడవ కోసం చెట్టు కొట్టాలన్నా ముందు ప్రార్థన చేసి తానెను అడిగేవారు.

సంతకాలు కాపాడిన అడవి

ఇంగ్లీషువాళ్లు వచ్చాక గొడ్డలి దెబ్బలు ఎక్కువయ్యాయి. కౌరీ కలప నిటారుగా ఉంటుంది, గట్టిది. ఓడలకు, ఇళ్లకు వేల చెట్లు నరికారు. ఒకప్పుడు సుమారు 12 లక్షల హెక్టార్లలో ఉన్న కౌరీ అడవుల్లో ఇప్పుడు మిగిలింది కొద్దిగానే.

వైపోవాలో కూడా చెట్లు కొడుతుంటే జనం ఊరుకోలేదు. వేలమంది సంతకాలు చేసి అర్జీ పెట్టారు. 1952లో ప్రభుత్వం ఈ అడవిని రక్షిత అడవిగా ప్రకటించింది. సంతకం చిన్నదే. కానీ అన్నీ కలిస్తే గొడ్డలిని ఆపాయి.

మట్టిలో తెగులు

ఇప్పుడు గొడ్డలి భయం లేదు. కంటికి కనిపించని భయం ఉంది. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి కౌరీ వేళ్లను కుళ్లబెడుతుంది. ఆకులు పచ్చబడి రాలుతాయి. మాను నుంచి జిగురు కారుతుంది. చివరకు చెట్టు ఎండిపోతుంది. తెగులును పూర్తిగా నయం చేసే మందు లేదు.

ఈ తెగులు మట్టితో పాటు పాకుతుంది. బూటుకు అంటిన ఆవగింజంత మట్టి చాలు. మనుషుల బూట్లు, అడవిపందుల కాళ్లు దాన్ని మోసుకుపోతాయి. 2018లో తానె మహుతాకు 60 మీటర్ల దూరంలోనే తెగులు పట్టిన చెట్టు కనిపించింది.

అందుకే నేల మీద కాలు పెట్టకుండా చెక్కదారి వేశారు. కౌరీ వేళ్లు పైపైనే పాకుతాయి. తొక్కితే నలిగిపోతాయి. కొన్ని దారులను పూర్తిగా మూసేశారు. ఆక్లాండ్ నగరం పక్కన వైటాకెరే అడవి ఉంది. 2017లో అక్కడి మావోరీలు ఆ అడవిలోకి ఎవరూ పోకూడదని కట్టుబాటు పెట్టారు. దాన్ని రాహుయి అంటారు.

నడక ముగిశాక అందరూ వెనక్కి తిరుగుతారు. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ బూట్లు కడుక్కోవాలి. రెండు వేల ఏళ్ల చెట్టును ఆవగింజంత మట్టి చంపగలదు. రెండు నిమిషాల ఓపిక దాన్ని కాపాడగలదు.

కొత్త మాటలు

అధిపతి – యజమాని, పెద్ద
చుట్టుకొలత – చుట్టూ కొలిచిన కొలత
అర్జీ – కోరిక రాసి ఇచ్చే కాగితం
సూక్ష్మజీవి – కంటికి కనిపించనంత చిన్న జీవి

జవాబులు రాయండి

1. అడవిలోకి పోయే ముందు బూట్లు ఎందుకు కడగాలి?
2. లోకంలోకి వెలుగు ఎలా వచ్చిందని మావోరీలు చెబుతారు?
3. వైపోవా అడవిని కాపాడడానికి జనం ఏం చేశారు?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో అన్నిటికంటే పాత చెట్టు ఏది? దాని గురించి పెద్దవాళ్లు ఏం కథ చెబుతారు? అడిగి తెలుసుకోండి. నాలుగు వాక్యాలు రాసి, కింద మీ సంతకం పెట్టండి.