పాత జపాను చిన్నకారు – కొనువాని పరీక్ష

వస్తువును కొనడం సులభం. దాని గుణదోషాలను తెలిసికొని కొనడం ఒక విద్య. ఈ విద్య మిక్కిలి అవసరమయ్యేది పాత మోటారు కారు విషయంలో. మధ్యతరగతి కుటుంబం ఇల్లు, పెండ్లి తరువాత పెద్ద మొత్తం వెచ్చించేది దీనిపైననే. తండ్రి పదవీ విరమణ సొమ్మో, గల్ఫు దేశంలో అన్న కూడబెట్టిన సంపాదనో అందులో ఇమిడి ఉంటుంది. కావున నెల్లూరు తీరంలో పాత జపాను చిన్నకారును కొనదలచినవారు పరిశీలించవలసిన అంశాలను క్రమంగా తెలిసికొందాం.

జపాను పేరు, దాని అర్థం

మన దేశంలో జపాను చిన్నకారు చరిత్ర ప్రధానంగా మారుతితో మొదలైనది. 1981లో ఏర్పడిన మారుతి ఉద్యోగ్ సంస్థ 1982లో సుజుకీ కంపెనీతో ఒప్పందం చేసికొన్నది. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలను కొనుగోలుదారునికి అందజేసినారు. 796 ఘనపు సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను గల ఆ మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. జెన్, ఆల్టో, స్విఫ్ట్, హోండా బ్రియో, టొయోటా ఎటియోస్ లివా, నిస్సాన్ మైక్రా మొదలైనవి తరువాత వచ్చినవి.

జపాను యంత్రాలకు మన్నిక పేరు ఊరక రాలేదు. 1950లో అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు డెమింగ్ జపానులో నాణ్యతా నియంత్రణపై ఉపన్యాసాలిచ్చినాడు. లోపాన్ని చివర ఏరివేయడం కన్న, అది పుట్టకుండా చూడడమే మేలన్న సూత్రాన్ని అక్కడి కర్మాగారాలు ఆచరణలో పెట్టినవి. అయితే ఈ కీర్తి కొత్త కారుకు చెందినది. యంత్రాల లోపాల రేటును కాలక్రమంలో గీస్తే స్నానపు తొట్టి ఆకారం వస్తుందని ఇంజనీరింగు శాస్త్రం చెప్పుతుంది: ఆరంభంలో కొంత ఎక్కువ, నడుమ తక్కువ, అరుగుదల మొదలైన పిదప మరల ఎక్కువ. మనం కొనే పాత కారు ఈ రేఖపై ఎక్కడ నిలిచి ఉన్నదన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం కంపెనీ పేరులో ఉండదు. పూర్వపు యజమాని చేసిన పోషణలో ఉంటుంది. అంతేకాదు, పేరు జపానుదైనా లోపలి భాగం వేరు కావచ్చును. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిలు కారు ఇంజను ఇటలీ ఫియట్ కంపెనీ రూపకల్పన.

ఉప్పుగాలి, వరదనీరు

మైపాడు, కోడూరు, కృష్ణపట్నం ప్రాంతాల కార్లకు ప్రథమ శత్రువు ఉప్పు. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలును. నీటిలో ఉప్పు కరిగితే విద్యుత్ప్రవాహం తేలికై తుప్పు త్వరపడుతుంది. సముద్రపు గాలికి తోడు, ఉప్పు కయ్యల, రొయ్యల గుంటల బాటలలో తిరిగిన కారు అడుగుభాగానికి ఉప్పునీరు తగులుతూనే ఉంటుంది. పైరంగు నిగనిగలాడినంత మాత్రాన సంతోషించరాదు. పైన పటారం, లోన లొటారం కావచ్చును. తలుపుల అడుగు అంచులు, జాకీ పెట్టే చోట్లు, రబ్బరు పరుపుల క్రింది నేల, ముందు స్ప్రింగులను మోసే గూళ్లు – వీటిని దీపంతో చూడవలెను. పైపై తుప్పు గీకితే పోతుంది. స్క్రూడ్రైవరు మొన నొక్కగా రేకు లోనికి దిగితే ఆ కారును విడిచిపెట్టడమే క్షేమం.

రెండవ శత్రువు వరద. 2015 నవంబరులో నెల్లూరు జిల్లాను, ఆ డిసెంబరులో చెన్నపట్నాన్ని వరదలు ముంచినవి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలుమార్గం సైతం తెగినది. నీట మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, దూరప్రాంతంలో అమ్మడం కష్టం కాదు. దాని లోపం నెలల తరువాత విద్యుత్ తీగల కీళ్లలో బయటపడుతుంది. సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చార ఉన్నదేమో చూడవలెను. తివాచీ క్రింద ఒండ్రు, సీటు పట్టాలపై తుప్పు, ముక్క వాసన – ఇవి సాక్ష్యాలు. ప్రవక్త మహమ్మదువారు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినదనీ, తడిసినదానిని పైకి కనపడనీయని వర్తకుని మందలించినారనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. అమ్మేవారికి అది ధర్మబోధ, కొనేవారికి పరీక్షావిధానం.

ఇంజను పరీక్ష

ఇంజను చల్లగా ఉన్నప్పుడే పరీక్షించవలెను. మనం పోయేసరికే వేడిగా ఉంటే కారణం అడగవలెను. నీలిపొగ నూనె మండుతున్నదనీ, వేడెక్కిన తరువాత కూడ ఆగని తెల్లపొగ నీరు సిలిండరులోనికి పోతున్నదనీ తెలుపుతుంది. నూనె మూత క్రింద మజ్జిగ వంటి నురుగు కనబడితే నూనెలో నీరు కలసి ఉండవచ్చును. మారుతి 800లో కవాటాలను నడిపేది పళ్ల బెల్టు; తరువాతి కె-శ్రేణి ఇంజనులలో గొలుసు. బెల్టు ఉన్నచో ఎప్పుడు మార్చినారో రసీదు చూడవలెను.

మీటరు అంకెను నమ్మరాదు. పదేండ్ల కారు 25,000 కిలోమీటర్లే చూపుతూ, పెడళ్ల రబ్బరు అరిగి, స్టీరింగు నున్నబడి ఉంటే అంకె అబద్ధం. టైరుపై నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. సర్వీసు పుస్తకంలోని దూరాలను వరుసగా పోల్చవలెను. కారుతో పరిచయం లేని మెకానిక్కుకు కూలి ఇచ్చి చూపించడం వృథా ఖర్చు కాదు.

కాగితాల పరీక్ష

వస్తువు బాగున్నా కాగితం చెడితే నష్టమే. చాసిస్, ఇంజను సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రంతో అక్షరం పొల్లుపోక సరిపోవలెను. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగుస్తుంది. పిదప తనిఖీ జరిపించి పునరుద్ధరించుకోవలెను. బ్యాంకు అప్పు తీరినచో 35వ ఫారం, పొరుగు రాష్ట్రపు కారైతే 28వ ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం, యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాలు అవసరం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం కొన్నవాడు 30 రోజులలో మార్పు కోరవలెను. బీమా మార్పుకు 14 రోజులే గడువు.

ఇది అమ్మేవారికి కూడ ప్రాణప్రదమైన విషయం. కారు చేతులు మారినా పత్రంలో పేరు మారనిచో, ప్రమాద నష్టపరిహారానికి పత్రంలోని యజమానియే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఖాళీ ఫారాలపై సంతకం చేసి దళారికిచ్చేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవలెను.

విద్యార్థి మిత్రులారా! భరోసా అన్న మాట ఉర్దూ, తెలుగు భాషలు రెండింటా ఉన్నది. కాని అది అమ్మేవాని నోటిమాట నుండి గాక, మన పరిశీలన నుండి పుట్టవలెను. ఇంటిలో ఎవరైనా పాత కారు కొనదలచినప్పుడు, బయానా ఇచ్చుటకు ముందే ఈ నాలుగు పరీక్షలు జరిపించండి. చదివిన చదువు కుటుంబపు సొమ్మును కాపాడినచో, అంతకన్న ప్రయోజనమేమున్నది?