లారీ వెనుక ఇరుసులో ఆ గుమ్మటం ఎందుకు?

ఎడ్లబండిని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఇరుసు తిరగదు, చక్రాలే దాని కొనలమీద విడివిడిగా తిరుగుతాయి. అందుచేత మలుపులో బయటి చక్రం ఎక్కువ చుట్లు, లోపలి చక్రం తక్కువ చుట్లు తిరిగినా చిక్కేమీ లేదు. బండిని లాగేవి ఎడ్లు గదా!

లారీ సంగతి వేరు. దాని వెనుక చక్రాలను ఇంజనే తిప్పాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగించి తిప్పితే ఏమవుతుంది? చక్రాల మధ్య దూరం 1.8 మీటర్లనుకోండి. లారీ జాతీయ రహదారి దిగి, లంబకోణంలో దెందులూరు ఊళ్ళోకి మళ్ళింది. వృత్తంలో నాలుగో వంతు కనుక, రెండు చక్రాల దారులకూ తేడా 3.14 × 1.8 ÷ 2, అంటే సుమారు 2.8 మీటర్లు. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు! అంతమేరా ఏదో ఒక టైరు రోడ్డుమీద ఒరుసుకుపోవలసిందే.

1820ల చివరలో ఫ్రాన్సు దేశపు గడియారాల పనివాడు పెకర్ తన ఆవిరిబండి కోసం ఈ చిక్కును విప్పాడు. ఆ ఏర్పాటే డిఫరెన్షియల్. లారీ వెనుక ఇరుసు నడుమ గుమ్మటంలా కనిపించేది దాని గూడే.

ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుతోపాటు తిరిగే చిన్న పళ్ళచక్రాలు రెండు చక్రాలకూ బలాన్ని పంచుతాయి. క్రౌను 100 చుట్లు తిరిగేలోగా లోపలి చక్రం 90 తిరిగితే, బయటిది 110 తిరుగుతుంది. మొత్తం ఎప్పుడూ 200.

ఒకరోజు మా ఊరి రోడ్డుపక్క షెడ్డులో చేపల లారీ ఒకటి ఆగింది. కొల్లేటి ప్రాంతపు చేపలను ఐసులో పేర్చి, వెయ్యి కిలోమీటర్లకు పైబడి ప్రయాణించి హౌరాకు చేర్చే బండి. మర్నాడు లోడు ఎత్తాలి. వెనుకనుంచి ఊళ వినిపిస్తోంది. మేస్త్రి విప్పి చూస్తే, అంతకుముందు ఎక్కడో పినియను ఒక్కటే మార్చారని తేలింది. క్రౌనూ పినియనూ ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి తయారుచేసిన జంట. అందుకే రెండూ కలిపే మార్చాలి. ఆయన కొత్త జంట తెప్పించాడు.

బిగింపులో మూడు పరీక్షలు చేశాడు. మొదటిది, పినియను బేరింగుల బిగువు. 5 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న అంచుకు తాడు చుట్టి, స్ప్రింగు త్రాసుతో లాగాడు. 30 న్యూటన్ల బలానికి తిరిగితే, బలభ్రామకం 30 × 0.05 = 1.5 న్యూటన్ మీటర్లు. మీ పాఠంలో ఉన్నదే! రెండవది, పళ్ళ మధ్య సందు. డయల్ గేజి పెట్టి కొలిచాడు. ఇది మిల్లీమీటరులో ఐదో వంతు అటూ ఇటూ ఉంటుంది, బండినిబట్టి మారుతుంది. సందు లేకపోతే పళ్ళు వేడెక్కి అరుగుతాయి; ఎక్కువైతే కొట్టుకుంటాయి.

మూడవది, రంగు పరీక్ష. క్రౌను పళ్ళకు నీలిరంగు పూసి చేత్తో తిప్పాడు. మరక పంటి మొదట్లో పడింది. పినియను మరీ లోపలికి చొచ్చుకొచ్చిందన్నమాట. పలుచని రేకులు మార్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ కొలిచాడు.

“మేస్త్రీగారూ, చేత్తో ఊపి చూస్తే సరిపోదా? చేప ఆగదండీ!” అన్నాడు డ్రైవరు.

“దారిలో పన్ను విరిగితే ఐసు ఆగుతుందా బాబూ?” అన్నాడు మేస్త్రి.

మూడోసారికి మరక పంటి నడుమ పడింది. ఊళ పోయింది. మర్నాడు లారీ వేళకే లోడుతో కదిలింది.

ఇక మీకొక ప్రశ్న. ట్రాక్టరు చక్రం ఒకటి వరిచేలో బురదలో దిగింది, రెండవది గట్టినేల మీద ఉన్నది. గట్టినేల మీది చక్రం కదలడం లేదు. క్రౌను 100 చుట్లు తిరిగితే బురదలోది ఎన్ని చుట్లు తిరుగుతుంది? అప్పుడు డ్రైవరు డిఫరెన్షియల్‌ను కదలకుండా బంధించే పెడలు ఎందుకు తొక్కుతాడు? గట్టిరోడ్డు మలుపులో దాన్ని ఎందుకు తొక్కకూడదు? ఎడ్లబండిని తలచుకొని, జవాబు మీరే రాయండి.