బాలల రైలుబండి ప్రదర్శనలు – నమూనా రైళ్ళ అభిమానులు : ఒక పరిశీలన

ఆటవస్తువు బాల్యంతోనే మనిషిని విడిచిపోతుందని సాధారణాభిప్రాయం. కర్రగుర్రమైనా, లక్కపిడతలైనా కొంత వయస్సు రాగానే అటకెక్కుతాయి. కాని రైలుబండి విషయంలో ఈ నియమం చెల్లదు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, జపాను దేశాలలో ఉద్యోగస్థులు, వైద్యులు, మతాచార్యులు, పదవీవిరమణ చేసిన ఇంజనీర్లు తమ ఇండ్లలో ఒక గదిని ప్రత్యేకించి, చిన్న పట్టాలు పరచి, సొరంగాలు, స్టేషన్లు, సిగ్నళ్ళు నిర్మించి, అందులో నమూనా రైళ్ళను నడుపుతారు. చిత్రమేమంటే, వీరిలో పలువురు పసిపిల్లల కొరకు తీసిన టెలివిజన్ రైలు కథలను సైతం ఎంతో శ్రద్ధగా చూస్తారు. ఐదేళ్ళ బాలునికి ఉద్దేశింపబడిన కథలో యాభైయేళ్ళ పెద్దమనిషికి ఏమి కనబడుతున్నది? దీనిని పెద్దల పసితనమని నవ్వి వదలివేయుట సులభం. అట్లు వదలక, ఇటువంటి ప్రదర్శనలలో జగద్విఖ్యాతమైన ‘థామస్’ ఇంజను కథను ఆధారంగా గొని, ఈ ఆకర్షణకు గల కారణాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

బొమ్మ, నమూనా – భేదం

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలసి యున్నది. బొమ్మరైలు రైలువలె కనిపిస్తే చాలును. నమూనా రైలు అసలు రైలును కొలతప్రకారం తగ్గించి చేసినది కావలెను. ఎంత తగ్గించినామో తెలుపునదే స్కేలు. పట్టాల మధ్య దూరాన్ని తెలుపునది గేజి. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లీప్‌జిగ్ సంతలో నిర్ణీత గేజిలతో బొమ్మరైళ్ళను ప్రదర్శించినది. నాటినుండి ఒకసారి కొన్న బండికి మరల పట్టాలు, పెట్టెలు చేర్చుకొని విస్తరింపజేసే వీలు కలిగినది.

‘ఒకటవ గేజి’లో పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, స్కేలు 32లో ఒక వంతు. 45ను 32చే గుణిస్తే 1440. ప్రపంచంలో అధికభాగం వాడే ప్రామాణిక గేజి 1435 మిల్లీమీటర్లు కనుక లెక్క దాదాపు సరిపోయినది. ‘హెచ్.ఓ.’ పద్ధతిలో పట్టాల దూరం 16.5 మిల్లీమీటర్లు, స్కేలు 87లో వంతు. గుణిస్తే ఇదీ 1435కు చేరుతుంది. కాని ఇంగ్లండులో బహుళ ప్రచారం పొందిన ‘ఓ.ఓ.’ పద్ధతిలో అవే 16.5 మిల్లీమీటర్ల పట్టాలపై 76లో వంతు స్కేలు బండ్లు నడుస్తాయి. లెక్కవేస్తే అసలు గేజికన్న సుమారు ఏడు అంగుళాలు తక్కువ వస్తుంది! ఈ లోపం అక్కడి అభిమానులందరికీ తెలుసును. ఇట్టి సూక్ష్మాలను పట్టించుకొనేవారు పిల్లల ప్రదర్శనను మెచ్చినారనగా, అందులో వారి పరీక్షకు నిలిచిన గుణమేదో ఉండితీరవలెను.

కథకు మూలపురుషుడు

థామస్ కథల కర్త రెవరెండ్ విల్బర్ట్ ఆడ్రీ. ఆయన 1911లో ఇంగ్లండులోని ఆంప్‌ఫీల్డ్ గ్రామంలో జన్మించినారు. తండ్రి చర్చి మతాచార్యుడు. రైళ్ళయందు అమితాసక్తి గలవాడు. ఇంటి తోటలో 40 గజాల పొడవున నమూనా రైలుమార్గాన్ని నిర్మించుకొన్నాడు. తరువాత ఆ కుటుంబం నివసించిన బాక్స్ గ్రామంలో వారి యిల్లు ప్రసిద్ధమైన బాక్స్ సొరంగానికి 200 గజాల దూరంలో ఉండేది. అక్కడ రైలుమార్గం నూటికొక అడుగు చొప్పున రెండు మైళ్ళు ఎత్తెక్కుతుంది. రాత్రివేళ బరువైన గూడ్సు బండ్లను వెనుకనుండి నెట్టుటకు మరొక ఇంజను తోడు వచ్చేది. ముందున్న ఇంజను రొప్పు, వెనుకనున్న ఇంజను బదులు – ఇవి పక్కపై పరుండి వినే బాలునికి రెండు ప్రాణుల సంభాషణవలె తోచినవి. ఇంజన్లకు మాటలు ఆ విధంగా వచ్చినవి. ఆ మాటలకు ఆధారం గాలిలోని ఊహ కాదు. చెవితో విన్న వాస్తవధ్వని.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆడ్రీ బర్మింగ్‌హామ్‌లో ఉండగా ఆయన పసి కుమారుడు క్రిస్టఫర్‌కు తట్టుపోసినది. వానిని ఊరడించుటకై తండ్రి ఇంజన్ల కథలు చెప్పసాగినారు. ఇక్కడ మనము గమనింపవలసిన విషయం ఒకటి కలదు. నిన్న చెప్పినట్లు నేడు చెప్పకపోతే ఆ పిల్లవాడు ఊరుకొనేవాడు కాదు, తప్పును పట్టుకొనేవాడు. అందుచేత తండ్రి కథలను కాగితపు ముక్కలపై వ్రాసి పెట్టుకొనక తప్పలేదు. భార్య మార్గరెట్ ప్రోత్సాహంతో ఆ కథలు 1945లో ‘మూడు రైలింజన్లు’ అను అర్థం వచ్చే శీర్షికతో అచ్చయినవి. మరుసటి సంవత్సరం థామస్ రంగప్రవేశం చేసినది. 1972 నాటికి ఆడ్రీ ఇరవైయారు పుస్తకాలు ప్రచురించినారు. తరువాత 1983 నుండి 2011 వరకు క్రిస్టఫరే కొనసాగించగా మొత్తం నలుబదిరెండు పుస్తకాలైనవి. తట్టుతో పడకపైనున్న ఆ పసివాడే ఈ గ్రంథమాలకు తొలి విమర్శకుడనుట అతిశయోక్తి కాదు.

లేని ద్వీపానికి ఉన్న చరిత్ర

పుస్తకాలు వ్యాపించినకొలది చిన్న పాఠకులనుండి ప్రశ్నలు వచ్చినవి. ఈ బొమ్మలో ఉన్న స్టేషను ఆ బొమ్మలో వేరుగా ఉన్నదేమి? ఇక్కడ రెండు మార్గాలుండగా అక్కడ ఒకటే ఉన్నదేమి? ఆడ్రీ ఈ లేఖలను పిల్లల అల్లరిగా త్రోసిపుచ్చలేదు. ఇంగ్లండు చర్చికి చెందిన ‘సోడోర్ అండ్ మ్యాన్’ అను మండలం పేరులో మ్యాన్ ద్వీపం ఉన్నది గాని సోడోర్ అను ద్వీపం లేదు. ఆ ఖాళీ చోటును ఆయన తన కథలకు స్వీకరించినారు. సోదరుడు జార్జితో కలసి ఆ ద్వీపానికి పటం గీచి, కొండలు, నదులు, గనులు, వంశావళులు, రైలుమార్గాల చరిత్ర కల్పించినారు. ఈ వివరాలు 1987లో ప్రత్యేక గ్రంథంగా వెలువడినవి.

ఆడ్రీ స్వయంగా నమూనాకారుడు. థామస్ బ్రాంచిలైనుకు తుది స్టేషనైన ‘ఫార్క్వర్’ను నమూనాగా నిర్మించి ప్రదర్శనలకు తీసుకొనిపోయేవారు. వేల్సులోని తాలిథిన్ రైల్వేను 1951లో స్వచ్ఛంద సేవకులు చేపట్టి నడుపసాగినారు. సేవకుల చేతులమీదుగా పరిరక్షింపబడిన రైల్వేలలో ప్రపంచంలో అది మొదటిది. మరుసటి సంవత్సరం ఆడ్రీ అందులో గార్డుగా పనిచేసినారు. ఒకనాడు ఫలహారాలమ్మే మహిళను స్టేషనులోనే విడిచి బండికి పచ్చజెండా ఊపినారట! అదియును తరువాత ఒక కథయైనది. నిజంగా జరిగినదానిని ఆధారం చేసికొనుట ఆయన పద్ధతి. అభిమానులకు ఈ కథలపైగల గౌరవానికి మూలం ఇదే: కర్త తమ జాతివాడు, చేతికి జిగురు, రంగు అంటినవాడు.

తెరపై నమూనాలు

1979లో టెలివిజన్ నిర్మాత బ్రిట్ ఆల్‌క్రాఫ్ట్ ఒక ఆవిరి రైల్వేను గూర్చిన చిత్రం తీస్తూ ఆడ్రీని కలసికొన్నారు. ఆ పరిచయ ఫలితంగా 1984 అక్టోబరు 9న థామస్ టెలివిజన్ శ్రేణి ఇంగ్లండులో ప్రారంభమైనది. దర్శకుడు డేవిడ్ మిట్టన్. తొలి రెండు శ్రేణులకు కథకుడు బీటిల్స్ బృందంలోని రింగో స్టార్. బొమ్మలు గీచి కదిలించుటకు బదులు, ఒకటవ గేజి నమూనా రైళ్ళను నిజంగా పట్టాలపై నడిపి చిత్రీకరించినారు. ఇంజన్ల అడుగున మార్క్లిన్ చట్రాలను అమర్చినారు. ముఖాలను ఒక్కొక్క భావానికి ఒక్కొక్కటిగా పోతపోసి సందర్భానుసారం మార్చేవారు. కనుగ్రుడ్లను మాత్రం రేడియో యంత్రంతో కదిలించేవారు. పెదవులు కదలవు, కథకుని గొంతే అందరికీ గొంతు.

నమూనాకారునికి ఇది గొప్ప పాఠశాల. తన గదిలో నిలబడి చూచినప్పుడు పట్టాలు బల్లమీది వస్తువుగానే కనబడతాయి. అదే కెమెరాను పట్టాల మట్టానికి దించినంతనే అడుగు పొడవు ఇంజను మహాకాయమవుతుంది. ముందుభాగాన ఒక చెట్టు, వెనుక ఒక వంతెన, వంపు తిరిగి కనుమరుగయ్యే మార్గం – ఇంతమాత్రంతో నాలుగు గజాల బల్ల నలుబది మైళ్ళ దేశంగా తోస్తుంది. పెట్టెలపై పూసిన మసి, తుప్పు రంగులు వాటికి వయస్సును ప్రసాదిస్తాయి. ఆ కళకు గల హద్దులు కూడ అక్కడ స్పష్టమే. ఇంజనును 32వ వంతుకు తగ్గించవచ్చును గాని నీటి బిందువును తగ్గించలేము. అందుచేతనే నమూనా ప్రపంచంలో నదులు, పొగ ఎప్పుడూ కొంత గుట్టును బయటపెడతాయి. ఆ గుట్టును పిల్లవాడు గమనింపడు. అభిమాని గమనించి, దానిని కప్పిపుచ్చిన నేర్పుకు ముచ్చటపడతాడు.

మరణించిన జాతికి మిగిలిన ముఖం

థామస్ రూపానికి ఆధారం లండన్–బ్రైటన్ రైల్వేకు చెందిన ‘ఈ–2’ జాతి ట్యాంకు ఇంజను. లాసన్ బిల్లింటన్ రూపకల్పనలో 1913–16 మధ్య పది మాత్రమే తయారైనవి. 1963 నాటికి అన్నియు సేవనుండి తొలగి తుక్కుగా కరగిపోయినవి. నేడు ఒక్కటియు మిగిలిలేదు. ఈ జాతి నమూనాను చేయదలచిన అభిమానులలో పలువురు హార్న్‌బీ సంస్థ 1985 నుండి పిల్లల కొరకు అమ్మిన థామస్ బొమ్మను కొని, ముఖాన్ని తీసివేసి, పొగగూటి తలుపు, సరియైన రంగులు అమర్చి, దానిని మరల ‘ఈ–2’గా మార్చుకొంటారు. పెద్దల రైలునుండి పిల్లల బొమ్మ పుట్టగా, పిల్లల బొమ్మనుండి పెద్దల రైలు పునర్జన్మ పొందుతున్నది. చరిత్రగ్రంథాలలో ఒక మూలన మరుగుపడవలసిన ఒక యంత్రజాతి కోట్లాది బాలలకు పరిచితమగుటకు ఒక కథ కారణమైనదనగా, కథాశక్తి ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

నియమమా, సొగసా?

ఈ ప్రదర్శన చరిత్రలో ఒక వివాదం కలదు. 1990ల ఆరంభంలో వచ్చిన ఒక కథలో హెన్రీ అను ఇంజను అడవి అందాన్ని చూచుటకై దారిలో ఆగుతుంది. ఆడ్రీ దీనిని తీవ్రంగా ఆక్షేపించినారు. బండి మార్గమధ్యంలో నిలిచినప్పుడు సిబ్బంది సిగ్నల్‌మన్‌కు తెలియజేయవలెనను నియమం బ్రిటిష్ రైల్వేలలో ప్రసిద్ధం. తెలియజేయని పక్షంలో వెనుకనుండి మరొక బండి వచ్చి ఢీకొనవచ్చును. ఊరక చెట్లు చూచుటకు ఆగే ఇంజను ఆయన దృష్టిలో సోడోర్ ఇంజను కాదు. ముసలివాని చాదస్తమని కొందరనవచ్చును. కాని ఇంజను మాట్లాడుటను అంగీకరించిన పాఠకుడు, అది సిగ్నలును ధిక్కరించుటను అంగీకరింపడు. ఒక అసత్యాన్ని నమ్మించుటకు తొంబదితొమ్మిది సత్యాలు కావలెను. ఈ మర్మం ఆడ్రీకి తెలుసును. ఆయనకన్న ముందు ఆయన కుమారునికి తెలుసును.

2008 తరువాత నమూనాల స్థానాన్ని కంప్యూటరు చిత్రాలు ఆక్రమించినవి. పెదవులు కదిలినవి, ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క గొంతు వచ్చినది. పిల్లలు వాటినీ ఆదరించినారు. ఆ శ్రేణి 2021లో ముగిసినది. నమూనాకారులలో అనేకులకు మాత్రం 1984 నాటి పాత భాగాలపైననే మక్కువ. కారణం స్పష్టం: అక్కడ బరువు గల వస్తువు బరువు గల పట్టాలపై దొర్లినది, దానిని ఎవరో చేతితో చేసినారు, కనుక తానును చేయవచ్చునను ఆశ చూచేవానికి కలుగుతుంది.

మన దేశపు ఇంజను

ఆ కంప్యూటరు దశలోనే 2016లో వచ్చిన ‘ది గ్రేట్ రేస్’ చిత్రంలో ఆషిమా అను భారతీయ ఇంజను ప్రవేశించినది. దాని రూపానికి ఆధారం నీలగిరి కొండరైలును నడిపే ‘ఎక్స్’ తరగతి ఇంజను. మేట్టుపాళయం–కూనూరు మార్గం 1899లో, ఉదకమండలం వరకు 1908లో తెరువబడినది. సుమారు పన్నెండు అడుగులకొక అడుగు ఎత్తెక్కే ఆ దారిలో పట్టాల నడుమ పండ్లకమ్మీ ఉంటుంది. ఇంజను అడుగున గల పండ్లచక్రం దానిని పట్టుకొని పైకి ప్రాకుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి నెట్టుతుంది. 2005లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. రంగురంగుల ఆషిమాను చూచి సంతోషించిన బాలుడు రేపు ఆ పండ్లచక్రాన్ని గూర్చి అడుగుతాడు. అడిగినప్పుడు బదులు చెప్పగల పెద్దవాడు ఇంట ఉండవలెను. పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల ఇట్టి పెద్దల కృషికి మన దేశంలో నిదర్శనం.

ఉపసంహారం

ఈ పరిశీలనవలన మాకు తోచిన సత్యం ఇది. బాలల రైలు ప్రదర్శన పెద్దలను ఆకర్షించుట వారు పసివారగుటచేత కాదు. దానిని చేసినవారు పసివారిని చిన్నచూపు చూడకపోవుటచేత. “పిల్లలకే గదా, ఏదైన సరిపోవును” అను మాటకు ఆడ్రీ జీవితమంతయు ఒక ఖండన. ఈ మాట మన భాషలలో ఇంకను వినబడుతూనే యున్నది. తప్పు పటాలతో, పొంతనలేని బొమ్మలతో, అజాగ్రత్తగా అచ్చయిన బాలల పుస్తకాలు తెలుగులోను ఉన్నవి, ఉర్దూలోను ఉన్నవి. రైలు చప్పుడును మన రెండు భాషల పిల్లలు ‘చుక్ చుక్’ అనియే పలుకుతారు. వారిద్దరికీ సమానంగా రావలసిన హక్కు ఒకటున్నది: సరియైన విషయాన్ని, శ్రద్ధగా చెప్పించుకొనే హక్కు.

మన విద్యార్థులలో కొందరు రేపు ఉపాధ్యాయులు, రచయితలు, ఇంజనీర్లు కాగలరు. వారు బాలలకొక పాఠం చెప్పునప్పుడు, ఒక బొమ్మ గీయునప్పుడు, కాగితపు ముక్కపై కథ వ్రాసికొన్న ఆ తండ్రిని తలచుకొందురు గాక. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. గ్రంథాలయం ప్రక్కన ఒక చిన్న గది, ఒక బల్ల, కొన్ని పనిముట్లు సమకూర్చగలిగితే, భౌతికశాస్త్రంలోని వాలు, ఘర్షణ, విద్యుద్వలయాలు నల్లబల్లనుండి దిగి విద్యార్థుల చేతిలోనికి వస్తాయి. తన చేతితో కొలిచి, కోసి, అతికి, పట్టాలపై నడిపిన చిన్న బండి నేర్పే క్రమశిక్షణ ఏ ఉపన్యాసమూ నేర్పజాలదు.